ఆయాసంతో ఉన్నవాళ్ళను వసారాలోనే వదిలేద్దామా?

ఈ ఏడాది సభ్యత్వ నమోదుకు ఊళ్ళు తిరిగినప్పుడు దాదాపు ప్రతి వీధిలోనూ మనం చూసిన దృశ్యం ఒకటుంది. వసారాలో నులక మంచం. దానిమీద ముందుకు వంగి, రెండు చేతులూ పట్టె మీద ఆనించి కూర్చున్న ఒక పెద్దమనిషి. రసీదు రాస్తూ పేరు అడిగితే ఒక్క మాట చెప్పడానికి రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకోవాలి. కొన్ని ఇళ్ళలో అది మగమనిషి, కొన్ని ఇళ్ళలో ఆడమనిషి.

అలాంటివారిలో ఒకాయన మన సంఘంలో పాత సభ్యుడు. ఒకప్పుడు కలెక్టరేట్ ధర్నా అంటే జెండా కర్ర పట్టుకుని అందరికంటే ముందు నడిచినవాడు. ఇప్పుడు మంచం మీంచి దొడ్లోకి వెళ్ళి రావాలంటే మధ్యలో మూడుచోట్ల ఆగుతున్నాడు. రాత్రిళ్ళు పడుకుంటే ఊపిరి ఆడదని గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడు. పట్నంలో ఒక ఆసుపత్రిలో ఎనిమిది రోజులు ఉంచుకుని, చివరకు కొడుకును పక్కకు పిలిచి, "ఊపిరితిత్తులు పాడైపోయాయి, ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొండి" అన్నారట. ఆ కొడుకు వడ్డీకి అప్పు తెచ్చి ఆక్సిజన్ మిషన్ కొన్నాడు. అది మంచం పక్కన మోగుతూనే ఉంది, ఆయాసం మాత్రం తగ్గలేదు.

"ఇక చేసేదేమీ లేదు" అన్న ఆ మాట గురించే ఈ వ్యాసం. ఆ మాట తప్పు. పాడైన ఊపిరితిత్తిని తిరిగి బాగు చేయలేకపోవచ్చు. ఆయాసాన్ని మాత్రం తగ్గించవచ్చు. అందుకు కావలసినవాటిలో చాలావరకు ఖరీదైనవి కావు, ఊళ్ళోనే చేయగలిగినవి. అవి మన గడపదాకా రాకపోవడం వైద్యశాస్త్రం చేతగానితనం కాదు, ప్రజారోగ్యాన్ని నడిపే తీరులో ఉన్న లోపం. అందుకే ఇది రైతు సంఘం పట్టించుకోవలసిన విషయం.

ఈ జబ్బు మన పనిలోంచి, మన పొయ్యిలోంచి వచ్చింది

ఊపిరి గొట్టాలు ఇరుకై, తిత్తులు సాగిపోయి, ఏళ్ళ తరబడి దగ్గు, కఫం, ఆయాసంతో ముదిరే జబ్బును డాక్టర్లు సీఓపీడీ అంటారు. 2016 నాటికి మన దేశంలో 5 కోట్ల 50 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారని ప్రపంచ వ్యాధిభార అధ్యయనం లెక్కగట్టింది. గుండెజబ్బు తర్వాత దేశంలో ఎక్కువమందిని చంపుతున్నది ఇదే. ఇది కాక, క్షయ తగ్గాక మిగిలిపోయిన మచ్చలతో ఆయాసపడేవాళ్ళున్నారు. రాతిపొడి పీల్చి సిలికోసిస్ బారిన పడ్డవాళ్ళున్నారు.

"బీడీలు, చుట్టలు తాగితే రాక ఏమవుతుంది" అని తేలిగ్గా అనేస్తాం. పొగాకు ప్రధాన కారణమే, ఆ మాట కాదనం. అయితే ఒక్క చుట్ట కూడా ముట్టని ఆడవాళ్ళకు ఎందుకొచ్చింది? పదేళ్ళ వయసు నుంచి కంపపుల్లలు, పత్తికట్టె, పిడకలు పెట్టి ఊదుడు గొట్టంతో పొయ్యి ఊదారు కనుక. గ్యాస్ బండ ఇంటికొచ్చినా, అది అయిపోయిన నెల మళ్ళీ పొయ్యే గతి కనుక. మిర్చి కల్లాల్లో తాలుకాయ ఏరినవాళ్ళు, జిన్నింగు మిల్లుల్లో పత్తి నూగు పీల్చినవాళ్ళు, రైసు మిల్లుల్లో ఊకదుమ్ములో బస్తాలు మోసినవాళ్ళు, పొగాకు బ్యారన్ల దగ్గర రాత్రంతా మంట కాసినవాళ్ళు, ముక్కుకు గుడ్డ తప్ప మరేమీ లేకుండా పురుగుమందు కొట్టినవాళ్ళు, క్రషర్లలో పనిచేసినవాళ్ళు మన సంఘ పుస్తకాల్లో ఎందరున్నారో లెక్క చూసుకోండి. పత్తి దుమ్ముతో ఫ్యాక్టరీ కార్మికుడికి వచ్చే జబ్బును చట్టం వృత్తి వ్యాధిగా గుర్తించింది. కల్లంలో, చేలో దుమ్ము మింగిన కూలీ ఊపిరితిత్తిని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఊపిరి ఎందుకు ఆడదు?

ఇది తెలిస్తే ఏం చేయాలో సగం తెలిసినట్టే. ఈ జబ్బులో అసలు తిప్పలు గాలి లోపలికి పోకపోవడంతో రావు, లోపలి గాలి పూర్తిగా బయటకు రాకపోవడంతో వస్తాయి. మూతి ఇరుకైన గోతంలో పాత ధాన్యం మిగిలిపోతే కొత్త ధాన్యం ఎంత కుక్కినా పట్టదు. తిత్తిలో పాత గాలి నిలిచిపోయినా అంతే. మనిషి గబగబా పీల్చేకొద్దీ బయటకు వదలడానికి సమయం చాలక, లోపల ఇంకా గాలి నిలిచిపోతుంది.

దానికి భయం తోడవుతుంది. ఊపిరి ఆడడం లేదంటే ప్రాణం పోతున్నట్టే ఉంటుంది. భయంతో ఊపిరి వేగం పెరుగుతుంది, వేగంతో ఆయాసం పెరుగుతుంది, ఆయాసంతో మళ్ళీ భయం. ఇక మూడోది: నడిస్తే ఆయాసం వస్తుందని మనిషిని ఇంట్లోవాళ్ళు కదలనివ్వరు. మంచానపడితే కాళ్ళలో కండ కరిగిపోతుంది. కండ లేని కాలు నాలుగడుగులకే అలసిపోయి ఎక్కువ గాలి అడుగుతుంది. ప్రేమతో కూర్చోబెట్టడమే ఇక్కడ హాని చేస్తుంది.

ఇంట్లోనే చేయగలిగినవి

ముందుగా ఒక మాట. ఆయాసమంతా సీఓపీడీ కాదు. గుండె బలహీనమైనా, రక్తం తక్కువైనా, క్షయ ఉన్నా ఆయాసం వస్తుంది. ఒక్కసారైనా డాక్టరు చూసి, గాలి ఊదించే స్పైరోమెట్రీ పరీక్షతో జబ్బు నిర్ధారించాలి. వాడే ఇన్‌హేలర్ సరిగా వాడుతున్నారో లేదో కూడా చూడాలి. నోట్లో పెట్టి నొక్కగానే మందు గొంతుకు తగిలి ఆగిపోతే తిత్తికి చేరేదేముంటుంది? పంపుకు స్పేసర్ అనే డబ్బా తగిలించి, నెమ్మదిగా పీల్చి, కాసేపు ఊపిరి బిగబట్టాలి. ఈ సంగతి చూపించి నేర్పేవాళ్ళు లేకనే ఎంతోమంది "ఈ మందు పనిచేయడం లేదు" అని పక్కన పడేస్తున్నారు. ఏళ్ళ తరబడి తాగుతున్నవాళ్ళయినా బీడీ, చుట్ట ఇప్పుడు మానినా మేలే. జబ్బు ముదిరే వేగం తగ్గుతుంది.

మందు సరిగా వాడుతున్నా ఆయాసం మిగిలే ఉంటే, అప్పుడు చేయవలసినవి ఇవి.

ఒకటి, విసనకర్ర. వినడానికి నవ్వులాటగా ఉన్నా ఇది పరిశోధనలో తేలిన విషయం. బ్రిటన్‌లో కేంబ్రిడ్జిలో 2010లో వెలువడిన పరిశోధనలో చేతి ఫ్యాను గాలి ఐదు నిమిషాలు ముఖానికి తగిలితే ఆయాసం తగ్గింది. అదే గాలి కాలికి తగిలిస్తే అంత తగ్గలేదు. ముక్కు చుట్టూ, బుగ్గల మీద ఉన్న నరాలకు చల్లగాలి తగిలితే గాలి ఆడుతున్నదన్న కబురు మెదడుకు పోతుంది. ముఖానికి జానెడు దూరంలో తాటాకు విసనకర్ర అయినా, జాతరలో దొరికే బ్యాటరీ ఫ్యానయినా చాలు. చల్లనీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో ముఖం తుడిచినా కొంత హాయిగా ఉంటుంది. ఆయాసం రాగానే నలుగురూ చుట్టూ మూగి కంగారు పెట్టకుండా, కిటికీ తీసి, ఒక్కరే పక్కన కూర్చుని విసరాలి.

రెండు, కూర్చునే తీరు. మంచం అంచున గాని కుర్చీలో గాని కూర్చుని ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించాలి. ఎదురుగా బల్ల ఉంటే దానిమీద దిండు వేసి తల వాల్చవచ్చు. నిలబడి ఉన్నప్పుడు ఆయాసం వస్తే గోడకు గాని చెట్టుకు గాని ఆనుకోవాలి. అప్పుడు భుజాలు, ఛాతీ కండరాలు ఊపిరి తీసే పనికి అక్కరకొస్తాయి. పడుకోబెట్టవలసివస్తే తలవైపు ఎత్తుగా ఉండాలి.

మూడు, ఊపిరి వదిలే తీరు. ముక్కుతో పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి, దీపం ఆరిపోకుండా రెపరెపలాడేంత మెల్లగా ఊదాలి. పీల్చడానికి రెండు లెక్కపెడితే వదలడానికి నాలుగు లెక్కపెట్టాలి. లోపల నిలిచిన పాత గాలి ఇలా బయటకొస్తుంది. ఆయాసం లేనప్పుడు రోజూ సాధన చేస్తేనే ఆయాసం వచ్చిన వేళ ఇది గుర్తుంటుంది.

నాలుగు, నడక. రోజూ కొంచెం కొంచెం నడిపించాలి. మొదటిరోజు మంచం నుంచి గుమ్మందాకా, వారానికి వాకిలిదాకా, తర్వాత వీధి మలుపుదాకా. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, నీళ్ళసీసా పట్టి చేతులు ఎత్తడం కూడా వ్యాయామమే. నడకలో కొంచెం ఆయాసం వస్తే ప్రమాదమేమీ లేదు, ఆగి తేరుకుని మళ్ళీ నడవవచ్చు. ఇలా కండ పెంచి నడిపించే పద్ధతిని పల్మనరీ రిహాబిలిటేషన్ అంటారు. సీఓపీడీ రోగి ఆయాసం తగ్గించడంలో దీనికున్నంత గట్టి రుజువు ఉన్న మార్గాలు కొన్నే. మన జిల్లాల్లో ఎన్ని ప్రభుత్వాసుపత్రుల్లో ఇది దొరుకుతుందో అడిగి చూడండి.

ఐదు, పని పంచుకోవడం. స్నానం కుర్చీలో కూర్చుని చేయాలి. వంటగది పొగ తగలని చోట మంచం వేయాలి. రోజూ వాడే చెంబు, తువ్వాలు, మందులు చేతికందేలా పెట్టాలి. కడుపునిండా ఒకేసారి కాకుండా కొంచెం కొంచెం నాలుగుసార్లు తినాలి.

అయితే పెదవులు, గోళ్ళు నీలంగా మారినా, మనిషి మత్తుగా తూగుతున్నా, మాట తడబడినా, ఛాతీలో నొప్పి వచ్చినా, జ్వరంతో కఫం రంగు మారినా విసనకర్రతో ఆగకూడదు. వెంటనే 108కు ఫోన్ చేయాలి.

ఆక్సిజన్ మిషన్ అందరికీ కాదు

కరోనా తర్వాత ఊపిరి కష్టం అంటే ఆక్సిజన్ అన్న నమ్మకం ఊరూరా పాతుకుపోయింది. ఆక్సిజన్ మందులాంటిది. అవసరమైనవాళ్ళకు ఆయుష్షు పెంచుతుంది. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయి, విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా వేలికి పెట్టే మిషన్‌లో 88 గాని అంతకంటే తక్కువ గాని చూపేవాళ్ళకు, డాక్టరు పరీక్షించి రాస్తే రోజుకు కనీసం 15 గంటలు పెట్టాలి. అలాంటివారికి అది ప్రభుత్వమే ఇవ్వాలి.

ఆక్సిజన్ అంతగా పడిపోకుండా ఆయాసం మాత్రం ఉన్నవాళ్ళ సంగతి వేరు. ఆస్ట్రేలియా, అమెరికా, బ్రిటన్‌లలో 239 మంది మీద జరిగి 2010లో వెలువడిన పరిశోధనలో కొందరికి గొట్టంతో ఆక్సిజన్, కొందరికి అదే గొట్టంతో మామూలు గాలి ఇచ్చారు. ఇద్దరికీ ఒకేలా ఉపశమనం కలిగింది. అంటే అలాంటి మనిషికి ఎకరం కుదువపెట్టి మిషన్ కొనే బదులు ఫ్యాను గాలి చాలు. పైగా కొందరిలో డయల్ ఇష్టమొచ్చినట్టు పెంచితే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుని మనిషి మత్తులోకి జారిపోతాడు. మిషన్ దగ్గర బీడీ ముట్టిస్తే ఇల్లే అంటుకుంటుంది. ఇవి ముందే చెప్పేవాళ్ళుంటే ఎన్ని అప్పులు తప్పేవి?

అలాగే ఆయాసం వచ్చినప్పుడల్లా ఊళ్ళో సూది, ఇష్టమొచ్చినన్ని రోజులు స్టెరాయిడ్ బిళ్ళ వేసుకోవడం. జబ్బు ఒక్కసారిగా ఎగదోసినప్పుడు డాక్టరు కొద్దిరోజులు రాసే స్టెరాయిడ్ మేలు చేస్తుంది. నెలల తరబడి మింగితే ఎముక గుల్లబారుతుంది, షుగరు పెరుగుతుంది, కండ ఇంకా కరుగుతుంది.

నల్లమందు రైతుదీ ఈ కథలో పాత్ర ఉంది

చివరి దశలో, మరేదీ పనిచేయని వేళ కొందరు డాక్టర్లు అతి తక్కువ మోతాదులో మార్ఫిన్ ఇస్తారు. దీని గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. 2003లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధన ఒకటి ఇది ఆయాసాన్ని కొంత తగ్గిస్తుందని చూపింది. తర్వాత ఆస్ట్రేలియాలో 2022లో, బ్రిటన్‌లో 2024లో వెలువడిన, అంతకంటే పెద్ద పరిశోధనల్లో ఉత్తుత్తి మాత్రకూ మార్ఫిన్‌కూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కనుక ఆయాసానికి అందరికీ మార్ఫిన్ ఇవ్వాలని మనం అనం. అది మలబద్ధకం, మత్తు కలిగిస్తుంది. డాక్టరు చేతి మందే తప్ప సొంతంగా వాడేది కాదు. అయినా అవసానదశలో ఊపిరికి కొట్టుకులాడుతున్న మనిషికి, నొప్పితో అరుస్తున్న క్యాన్సర్ రోగికి అది అందుబాటులో ఉండాలా, వద్దా? ఉండాలి.

ఈ మందు పుట్టేది రైతు చేలోనే. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు కేంద్రం ఇచ్చే లైసెన్సుతో గసగసాల పంట వేసి నల్లమందు ప్రభుత్వానికి అప్పగిస్తారు. నీమచ్, ఘాజీపూర్‌లలోని ప్రభుత్వ ఫ్యాక్టరీలు దాన్ని శుద్ధి చేస్తాయి. 2017 జూన్‌లో గిట్టుబాటు ధర అడిగిన రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపిన మందసౌర్ కూడా నల్లమందు పండే జిల్లాయే. అదే మందసౌర్‌లో పలకబలపాల పరిశ్రమ కార్మికులు రాతిపొడి పీల్చి సిలికోసిస్‌తో ఆయాసపడుతూ చనిపోయారు. మందుకు ముడిసరుకు పండించే నేల మీదే ఊపిరాడని మనుషులున్నారు.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయంతో ఏళ్ళ తరబడి ఆసుపత్రులు మార్ఫిన్ తెప్పించడమే మానుకున్నాయి. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలు అత్యవసర మందుగా దీన్ని ఉంచుకునే దారి సులభం చేసింది. చట్టం మారి పదేళ్ళు దాటింది. మన జిల్లా ఆసుపత్రి మందుల గదిలో అది ఉందో లేదో అడిగే హక్కు మనకుంది.

చేసి చూపించినవాళ్ళున్నారు

లండన్‌లో ఊపిరితిత్తుల డాక్టర్లు, ఉపశమన వైద్యులు, ఫిజియోథెరపిస్టులు కలిసి ఆయాసం రోగుల కోసమే ఒక సేవ నడిపారు. పైన చెప్పుకున్న ఫ్యాను, ఊపిరి సాధన, నడక, ఇంటికి వచ్చి చూడడం వంటివే అందులోనూ ఉన్నాయి. ఆ సేవ అందినవారిలో తమ ఆయాసాన్ని తామే అదుపు చేసుకోగలమన్న ధీమా పెరిగిందని 2014లో ఫలితాలు ప్రకటించారు.

అంత దూరం పోనక్కరలేదు. కేరళ 2008లోనే ఉపశమన వైద్యానికి ప్రభుత్వ విధానం ప్రకటించింది. అక్కడ పంచాయతీల ఆధ్వర్యంలో నర్సు మంచానపడ్డవాళ్ళ ఇంటికి వెళుతుంది, ఊరి వాలంటీర్లు తోడు వెళతారు. తెలంగాణలో జిల్లాల్లో ఉపశమన వైద్య కేంద్రాలు, ఇంటికొచ్చే 'ఆలన' వాహనాలు మొదలయ్యాయి. మంచి పని. అలాంటి సేవలు క్యాన్సర్ దగ్గరే ఆగిపోకుండా ఆయాసం రోగి గడపదాకా రావాలి. రెండు రాష్ట్రాల్లోని ఊరి ఆరోగ్య కేంద్రాలు అందించవలసిన సేవల జాబితాలో ముసలివాళ్ళ సంరక్షణ, ఉపశమన వైద్యం ఉన్నాయి. కాగితం మీద ఉన్నదాన్ని ఊళ్ళోకి తెప్పించడమే మిగిలింది.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? ఉచిత వైద్య పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాళ్ళ ఖర్చు చూస్తాయి. ఇంట్లో నెలనెలా కావలసిన ఇన్‌హేలర్ మన జేబులోంచే కొనాలి. అది మానేస్తే నెల తిరక్కుండా మళ్ళీ ఆసుపత్రిలో చేరాలి.

"ఇది మన పనేనా?"

గిట్టుబాటు ధర, ఎరువుల కొరత, కౌలురైతు గుర్తింపు ఇన్ని ఉండగా ఇదెక్కడి సమస్య అని కొందరు మిత్రులు అడుగుతారు. మద్దతు ధర కోసం పోరాడి క్వింటాలుకు రెండు వందలు ఎక్కువ తెచ్చుకున్న రైతు, ఆ డబ్బంతా తండ్రి ఆక్సిజన్‌కు కట్టి మళ్ళీ అప్పుల్లో పడితే మనం సాధించిందేమిటి? జబ్బున్న ఇంట్లో ఒక మనిషి ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండాలి. ఎక్కువగా అది కోడలో కూతురో. ఆమె కూలి పోతుంది, నిద్ర పోతుంది. ఆ లెక్క సాగు ఖర్చుల్లో ఎవరూ రాయరు. అందుకే ఇది మన పనే.

మన కమిటీలు ఈ డిమాండ్లను తహసీల్దారుకు, జిల్లా వైద్యాధికారికి, శాసనసభ్యుడికి ఇవ్వాలి:

1. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జాతీయ అత్యవసర మందుల జాబితాలోని ఇన్‌హేలర్లు, స్పేసర్లు నెలనెలా ఉచితంగా ఇవ్వాలి. బీపీ, షుగరు పరీక్షలతోపాటు ఊపిరి పరీక్ష కూడా చేయాలి.

2. ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టును నియమించి పల్మనరీ రిహాబిలిటేషన్ మొదలుపెట్టాలి.

3. ఊరి ఆరోగ్య సిబ్బందికి, ఆశా కార్యకర్తలకు ఆయాసం ఉపశమనంలో శిక్షణ ఇచ్చి, ఇళ్ళకు వెళ్ళినందుకు ఆశాలకు అదనపు పారితోషికం ఇవ్వాలి.

4. పరీక్షలో అవసరమని తేలినవాళ్ళకు ఆక్సిజన్ మిషన్, దాని కరెంటు ఖర్చు ప్రభుత్వం భరించాలి.

5. జిల్లా ఆసుపత్రుల్లో ఉపశమన వైద్య విభాగం, మార్ఫిన్ నిల్వ ఉండాలి.

6. కల్లాల్లో, మిల్లుల్లో, యార్డుల్లో దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పోగొట్టుకున్న కూలీలకు, రైతులకు పరిహారం, పింఛను ఇవ్వాలి.

ప్రభుత్వం కదిలేలోగా మన యూనిట్లు చేయగలిగినవీ ఉన్నాయి. సభ్యత్వ పుస్తకంతోపాటు ఊళ్ళో ఆయాసంతో ఉన్నవాళ్ళ పట్టిక రాయండి. యూనిట్‌కు ఒక వేలి మిషన్ కొనండి. ఇద్దరు యువకులు, ఇద్దరు మహిళలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గర ఊపిరి సాధన, ఇన్‌హేలర్ వాడే తీరు నేర్చుకుని వారానికొకసారి ఆ ఇళ్ళకు వెళ్ళండి.

మొదట చెప్పిన మన పాత సభ్యుడి ఇంటికి మళ్ళీ వెళ్ళాం. మంచం వంటింటి పక్కనుంచి వాకిలివైపు మార్చారు. మనవరాలు విసనకర్రతో విసురుతుంటే ఆయన పెదవులు సున్నాలా చుట్టి లెక్కపెడుతూ ఊదుతున్నాడు. జబ్బు పోలేదు, పోదు కూడా. మధ్యలో ఒక్కసారే ఆగి దొడ్లోకి వెళ్ళి వస్తున్నానని చెప్పాడు. ఈసారి ధర్నా ఎప్పుడని కూడా అడిగాడు.